తీసేసినా తిరిగొచ్చిన సెర్చ్ పేజీ: సింగ్‌నగర్ మాస్టారి కంప్యూటర్ కేసు

"ఏమయ్యా, మా ఇంట్లో గూగుల్ పోయింది" అన్నారు మాస్టారు ఫోన్లో.

ఇరవై ఏళ్లుగా విజయవాడలో కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. స్లో అయిందనో, వైరస్ వచ్చిందనో ఫోన్ చేస్తారు గానీ గూగుల్ పోయిందని అంతవరకూ ఎవరూ చెప్పలేదు. కాస్త వివరంగా చెప్పమన్నాను. "ఏం వెతికినా వేరే పేజీ తెరుచుకుంటోంది. కింద కుడి మూలన వైరస్, వైరస్ అని డబ్బాలు లేస్తున్నాయి. నిన్న రాత్రయితే స్క్రీనంతా నిండిపోయి, ఈ నంబరుకి ఫోన్ చెయ్యమని ఎవరో ఆడమనిషి గొంతు ఒకటే అరుపు" అన్నారు.

"ఫోన్ చేశారా మాస్టారూ?"

"చేసేవాణ్ణే. మా ఆవిడ ముందు నీకు చెయ్యమంది."

మనసులోనే ఆవిడకో దండం పెట్టుకుని బండి తీశాను.

వాళ్ళ ఇల్లు అజిత్‌సింగ్‌నగర్‌లో. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు ఆ పేటల్ని ముంచినప్పుడు కింది వాటా మొత్తం నీళ్ళలో ఉండిపోయింది. పాత కంప్యూటర్ అందులోనే పోయింది. ఇప్పుడున్నది ఆ తర్వాత కొన్న సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్. ఏదో కంపెనీ వాడి వదిలేసిన సిస్టమ్, నాలుగో తరం ఐ3, విండోస్ 10. వరద తీశాక మాస్టారు తడిసిన కాగితాలన్నీ డాబా మీద పరిచి, ఇటుక ముక్కలు బరువు పెట్టి ఆరబెట్టారు. ఆరినవి ఆరినట్టు స్కాన్ చేసి ఇందులో పెట్టుకున్నారు. ఇంటి దస్తావేజులు, పెన్షన్ కాగితాలు, పాలసీ బాండ్లు, పిల్లల సర్టిఫికెట్లు, అన్నీ. అందుకే నేను చెప్పులు విడిచేలోపే షరతు పెట్టేశారు: "ఫార్మాట్ అన్న మాట మాత్రం ఎత్తకు."

సరే, ఎత్తను. కానీ ఆ కాగితాలకి ఇంకో కాపీ ఎక్కడైనా ఉందా అంటే లేదు. ముందు నా ఎక్స్‌టర్నల్ డిస్క్ పెట్టి ఆ ఫోల్డర్ మొత్తం కాపీ చేశాకే మౌస్ ముట్టుకున్నాను. ఎవరింట్లోనైనా నా మొదటి పని ఇదే. గంట లేటయినా పర్లేదు.

క్రోమ్ తెరిచి "పంచాంగం" అని కొట్టాను. అడ్రస్ బార్‌లో ఎప్పుడూ వినని సైట్ పేరు ఒకటి మెరిసింది, వెంటనే ఇంకోటి. చివరికి తేలింది ఒక పేరున్న సెర్చ్ ఇంజన్ ఫలితాల పేజీలో, పైన వరసగా ప్రకటనలు. ఇదంతా సెకను కూడా పట్టలేదు. కొత్తవాళ్ళు ఇక్కడే తికమక పడతారు, చివరికి వచ్చింది అసలైన సెర్చ్ ఇంజనే కదా, ఇందులో దొంగతనం ఏముంది అని. దొంగతనం మధ్యలో ఉంది. మనం వెతికే ప్రతి మాటనీ వాళ్ళ సైట్ మీదుగా తిప్పుతారు. అక్కడ మనం ప్రకటన నొక్కితే వాళ్ళకి వాటా ముడుతుంది. పైగా రోజంతా మనం ఏం వెతికామో వాళ్ళకి తెలిసిపోతుంది. కంప్యూటర్ పాడైపోతే వాళ్ళకీ నష్టమే, అందుకే మిగతా పనులన్నీ చక్కగా నడవనిస్తారు. మాస్టారు పది రోజులు దీనితోనే సర్దుకుపోయారంటే కారణం అదే.

సెట్టింగ్స్‌లో సెర్చ్ ఇంజన్ మారుద్దామంటే, దీన్ని ఒక ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాము) కంట్రోల్ చేస్తోందని రాసి ఉంది. ఎక్స్‌టెన్షన్ల పేజీకి వెళితే రెండున్నాయి. ఒకటి మామూలుది, రెండోదానికి రిమూవ్ బటనే లేదు. మూడు చుక్కల మెనూ అడుగున "మీ సంస్థ మేనేజ్ చేస్తోంది" అన్న అర్థం వచ్చే లైను కనిపించింది.

ఇక్కడ నేను తప్పు దారి పట్టాను. ఇది కంపెనీ వాడి అమ్మేసిన సిస్టమ్ అని నాకు తెలుసు. కంపెనీల్లో ఐటీ వాళ్ళు ఉద్యోగుల బ్రౌజర్లకి పాలసీలు, అంటే వాడేవాళ్ళు మార్చలేని రూల్స్, పెడతారు. పాత కంపెనీ వాసన ఇంకా వదల్లేదన్నమాట అనుకున్నాను. చాలా సహజంగా అనిపించింది, అందుకే ఇంకేమీ ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే, అమ్మిన షాపువాడు విండోస్ కొత్తగా ఎక్కించే ఇచ్చాడని, ఫార్మాట్ అయిన డిస్కులో పాత కంపెనీ పాలసీ మిగలదని అప్పుడే తట్టేది. సెట్టింగ్స్‌లో అకౌంట్స్ కింద వర్క్, స్కూల్ యాక్సెస్ పేజీ చూసినా సరిపోయేది. తర్వాత చూశాను, ఖాళీ. ఏ సంస్థకీ ముడిపడి లేని ఇంటి కంప్యూటర్‌లో సంస్థ పేరు చెప్పి రూల్ పెట్టింది ఎవరన్నదే అడగాల్సిన ప్రశ్న.

ఆ సోమవారం చేసింది మామూలు పని. యాడ్‌వేర్ (ప్రకటనలు చొప్పించే ప్రోగ్రాములు) తీసే ఒక ఉచిత స్కానర్ నడిపాను, ఏవో పదకొండు దొరికితే తీసేశాను. క్రోమ్‌లోనే ఒకప్పుడు క్లీనప్ టూల్ ఉండేది, 2023లో గూగుల్ దాన్ని తీసేసింది, కాబట్టి ఆ సుఖం ఇప్పుడు లేదు. తర్వాత విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీ తెరిచి, లోకల్ మెషీన్ కింద సాఫ్ట్‌వేర్, పాలసీస్, గూగుల్, క్రోమ్ దాకా వెళ్ళాను. అక్కడ "ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ ఫోర్స్‌లిస్ట్" అనే కీ ఉంది, అందులో ఒకే ఒక్క లైను. మొదట 32 అక్షరాల ఐడీ, దాని పక్కన క్రోమ్ స్టోర్ అడ్రస్. క్రోమ్ ఎక్స్‌టెన్షన్ ఐడీల్లో అంకెలుండవు, ఇంగ్లిష్ ఏ నుంచి పీ దాకా ఉన్న అక్షరాలే ఉంటాయి. ఒకసారి కన్ను అలవాటు పడితే ఎక్కడున్నా గుర్తుపట్టొచ్చు. ఈ లిస్టులో ఉన్న ఎక్స్‌టెన్షన్‌ని క్రోమ్ తనంతట తనే ఎక్కిస్తుంది, వాడేవాళ్ళని తీయనివ్వదు. కంపెనీల కోసం పెట్టిన సదుపాయాన్ని వీళ్ళు ఇలా వాడుకుంటున్నారు.

కీని ముందు ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకుని, తర్వాత డిలీట్ చేశాను. క్రోమ్ మూసి తెరిస్తే ఎక్స్‌టెన్షన్ పోయింది, సంస్థ పేరు లైనూ పోయింది. రీస్టార్ట్ చేసి చూశాను, శుభ్రంగా ఉంది. మాస్టారు స్వయంగా "పంచాంగం" కొట్టి చూసుకుని తృప్తిపడ్డారు. అమ్మగారు ఇచ్చిన అల్లం టీ తాగి, ఆరు వందలు తీసుకుని వచ్చేశాను.

మర్నాడు ఉదయం ఎనిమిదిన్నరకి ఫోన్. "మళ్ళీ పోయిందయ్యా."

ఇలాంటి ఫోన్ వస్తే నేనిక తీసేయడం గురించి ఆలోచించను. తీసినదాన్ని మళ్ళీ పెడుతున్నవాడు లోపల ఎవడో ఉన్నాడు, వాణ్ణి పట్టుకోవాలి. పదిహేనేళ్ళ కిందట హైజాక్‌దిస్ అనే టూల్‌తో సిస్టమ్‌లో ఏమేం నడుస్తున్నాయో లాగ్ తీసి లైను లైను చదివేవాళ్ళం. పనిముట్లు మారాయి గానీ చదవాల్సింది మాత్రం తప్పలేదు.

ఈసారి ముందు నెట్ కేబుల్ పీకేశాను. స్కానర్ జోలికి పోలేదు. మాస్టార్ని కూర్చోబెట్టి, ఇది ఎప్పటినుంచి అని అడిగాను. "మనవరాలు వచ్చి వెళ్ళిన దగ్గర్నుంచీ" అన్నారు, ఆ అమ్మాయి మీద నింద పడుతుందేమోనని కొంచెం నెమ్మదిగా. ఆ అమ్మాయి గుంటూరులో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది, శనివారం శనివారం ఇంటికొస్తుంది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ని తేదీల వారీగా పేర్చాను. డిసెంబర్ 6, శనివారం, రాత్రి 7:42కి ఒక ఫైలు దిగింది. పీడీఎఫ్ సైజు తగ్గించే ఉచిత సాఫ్ట్‌వేర్. కంట్రోల్ ప్యానెల్‌లో ప్రోగ్రాముల లిస్టునీ ఇన్‌స్టాల్ తేదీ ప్రకారం పేర్చితే అదే రోజు మూడు ఎక్కాయి. పీడీఎఫ్ టూల్ ఒకటి, అడగని వాతావరణం యాప్ ఒకటి, పేరు చూస్తే ఏదో డ్రైవర్ అప్‌డేట్‌లా ఉన్నది ఇంకొకటి.

ఇక, పెట్టిన వేళకి పనుల్ని తనంతట తనే నడిపే టాస్క్ షెడ్యూలర్ తెరిచాను. అందులో కుడివైపు చివర్న "క్రియేటెడ్" అనే కాలమ్ ఉంటుంది, ఎవరూ అక్కడిదాకా స్క్రోల్ చేయరు. దాని మీద నొక్కితే తేదీల వరసలో వచ్చాయి. డిసెంబర్ 6, రాత్రి 7:45కి పుట్టిన టాస్క్ ఒకటుంది. పేరు ఏదో పెద్ద కంపెనీ అప్‌డేటర్‌లా పెట్టారు. ట్రిగ్గర్: రోజూ ఉదయం 7 గంటలకి, ఆ టైముకి సిస్టమ్ ఆఫ్‌లో ఉంటే ఆన్ చేశాక వీలైనంత త్వరగా. నేను సోమవారం సాయంత్రం రీస్టార్ట్ చేసి చూసినప్పుడు ఎందుకు శుభ్రంగా కనిపించిందో అప్పుడర్థమైంది. ఆ రోజు వంతు పొద్దున్నే అయిపోయింది. మర్నాడు మాస్టారు లేచి సిస్టమ్ ఆన్ చేయగానే దాని వంతు మళ్ళీ వచ్చింది.

యాక్షన్ ట్యాబ్‌లో ఉన్నది పవర్‌షెల్, విండోస్‌లో కమాండ్లు నడిపే ప్రోగ్రాము. విండో కనపడకుండా, స్క్రిప్టుల మీదున్న ఆంక్షలు దాటేసి, యాప్‌డేటా లోపలి ఒక ఫోల్డర్‌లోని ఫైలుని నడపమని ఆదేశం. ఆ ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. నలభై లైన్లు కూడా లేవు. మొదట రిజిస్ట్రీలో క్రోమ్ పాలసీ కీ ఉందా అని చూస్తుంది, లేకపోతే రాస్తుంది. తర్వాత ఎడ్జ్ బ్రౌజర్‌కీ అదే పని. అంతకంటే ముందు, పైన రెండో లైనులో, ఈ ఫోల్డర్‌ని స్కాన్ చేయొద్దని విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్‌కి చెప్పే కమాండ్ ఉంది.

ఆ లైను చూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. డిఫెండర్ పది రోజులు నోరెత్తకపోవడానికి కారణం ఇది. ఇంటికొచ్చిన దొంగ కాపలావాడితోనే, ఆ గది జోలికి పోకు అని చెప్పి పెట్టాడు. విండోస్ సెక్యూరిటీలో ఎక్స్‌క్లూజన్స్ పేజీ తెరిస్తే నిజంగానే ఆ ఫోల్డర్ పేరుంది. ఇంట్లో అందరూ వాడేది అడ్మినిస్ట్రేటర్ అకౌంటే, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వచ్చే ప్రశ్నకి ఆ అమ్మాయి "యెస్" నొక్కింది, అంతే, అది ఏం చేసినా చెల్లింది.

అయినా అనుమానం మిగలకూడదని ఒక పరీక్ష చేశాను. రిజిస్ట్రీలో కీ డిలీట్ చేశాను. పక్క విండోలో ఆ టాస్క్ మీద రైట్ క్లిక్ చేసి "రన్" నొక్కాను. రిజిస్ట్రీకి వచ్చి ఎఫ్5 కొట్టాను. కీ తిరిగొచ్చింది, అదే 32 అక్షరాలతో. వెనక నిలబడి చూస్తున్న మాస్టారు "క్యూ.ఇ.డి." అన్నారు. లెక్కల మాస్టారు కదా, రుజువు పూర్తయ్యాక రాసే మాట అది.

ఆ తర్వాత తీసేయడం పావుగంట పని. కాకపోతే వరస ముఖ్యం. ముందు టాస్క్‌ని డిసేబుల్ చేసి డిలీట్ చేశాను. ఎక్స్‌క్లూజన్ తీసేసి, ఆ ఫోల్డర్ మీద డిఫెండర్‌తో స్కాన్ పెడితే ఈసారి వెంటనే ఎర్ర జెండా ఎత్తి క్వారంటైన్ చేసింది. తర్వాత ఆ మూడు ప్రోగ్రాములు అన్‌ఇన్‌స్టాల్ చేశాను. ఆ తర్వాతే క్రోమ్, ఎడ్జ్ పాలసీ కీలు తీశాను. తలకిందులుగా చేసుంటే నిన్నటి కథే మళ్ళీ నడిచేది. చివర్లో డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టాను, అది విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది, ఏమీ దొరకలేదు. ఒక మాట: పాలసీల కింద కనిపించిందల్లా చెరిపేయకండి. కొన్ని యాంటీవైరస్‌లూ, ఆఫీసు వాళ్ళు పెట్టిన సెట్టింగులూ అక్కడే ఉంటాయి. ఏది ఎవరు పెట్టారో చూసుకుని, ఎక్స్‌పోర్ట్ చేసుకుని మరీ తీయాలి.

డెస్క్‌టాప్ మీదున్న క్రోమ్ షార్ట్‌కట్ ప్రాపర్టీస్ కూడా చూశాను. కొన్ని కేసుల్లో టార్గెట్ చివర ఒక వెబ్ అడ్రస్ తగిలిస్తారు, ఇక్కడ ఆ పని చేయలేదు. బ్రౌజర్‌ని దారి మళ్ళించగలిగేవి ఇంకా మూడున్నాయి: ప్రాక్సీ, హోస్ట్స్ ఫైలు, రౌటర్‌లో డీఎన్ఎస్ (సైట్ పేరుని దాని అడ్రస్ నంబరుగా మార్చే ఏర్పాటు). మూడూ బాగున్నాయి. డీఎన్ఎస్ చూడటం నాకు పాత అలవాటు. 2011 నవంబర్‌లో ఎఫ్‌బీఐ గుట్టు రట్టు చేసిన డీఎన్ఎస్ ఛేంజర్ ముఠా దాదాపు 40 లక్షల కంప్యూటర్లలో డీఎన్ఎస్‌ని తమ సర్వర్లకి మార్చేసింది. వాటి బదులు కోర్టు అనుమతితో నడిపిన తాత్కాలిక సర్వర్లని 2012 జూలై 9న ఆపేస్తే, అప్పటికీ బాగుచేసుకోనివాళ్ళకి సైట్లు తెరుచుకోవడం ఆగిపోయింది.

ఇక మిగిలింది మూలన లేచే వైరస్ డబ్బాలు. ఇది వేరే జబ్బు. సెర్చ్‌ని దారి మళ్ళించిన ఆ హైజాకర్ తీసుకెళ్ళిన ఏదో పేజీలో, మీరు రోబో కాదని నిరూపించడానికి "అలో" నొక్కండి అని అడిగి ఉంటారు. మాస్టారు నొక్కారు. అది నోటిఫికేషన్లకి అనుమతి. ఇక ఆ సైట్ ఎప్పుడు పడితే అప్పుడు డబ్బాలు పంపుతుంది, లోపల ఏ వైరస్ అక్కర్లేదు. క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ తెరిస్తే అలో లిస్టులో ఆరు పేర్లున్నాయి, ఒక్కటీ మాస్టారు చదివే సైట్ కాదు. అన్నీ తీసేసి, ఇకముందు ఏ సైటూ అడగకుండా ఆపేశాను. స్క్రీనంతా నిండి అరిచిన పేజీ కూడా అలాంటి డబ్బా నొక్కితే వచ్చిందే. అది వచ్చినప్పుడు ఎస్కేప్ కాసేపు నొక్కి పట్టుకుంటే ఫుల్ స్క్రీన్ పోతుందని అమ్మగారికి చేసి చూపించాను. డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించేవాణ్ణి, ఆ అవసరం రాలేదు.

ఆ ఎక్స్‌టెన్షన్‌కి ఉన్న అనుమతుల్లో "అన్ని వెబ్‌సైట్లలో మీ డేటా చదవడం, మార్చడం" కూడా ఉంది. కాబట్టి ఆ పది రోజుల్లో ఈ సిస్టమ్‌లో తెరిచిన ప్రతి అకౌంటూ బయటికి తెలిసిందనే అనుకోవాలి. పాస్‌వర్డులు ఫోన్‌లోంచి మార్పించాను. అంతకుముందు లాగిన్ అయి ఉన్నవన్నీ సైన్ అవుట్ చేయించాను. బ్యాంకు పని మాస్టారు కంప్యూటర్లో చేయరు, బ్యాంకుకే వెళతారు. అది ఇన్నాళ్ళూ నేను ఎగతాళి చేసిన అలవాటు.

పాత క్రోమ్ ప్రొఫైల్‌లో ఇంకేం చెత్త ఉందోనని, నెట్ కలపకముందే దాన్ని డిలీట్ చేసి కొత్తది పెట్టాను. అతి జాగ్రత్త అనుకున్నాను. అదే నా రెండో పొరపాటు.

21వ తేదీ ఆదివారం మధ్యాహ్నం ఫోన్. ఈసారి మనవరాలు. "అంకుల్, కొత్త ట్యాబ్ తెరిస్తే మళ్ళీ అదే పేజీ వస్తోంది. నేనేం ఇన్‌స్టాల్ చేయలేదు, ప్రామిస్."

ఆ అమ్మాయి తప్పేం లేదు. ఎక్స్‌టెన్షన్లు రెండున్నాయని చెప్పాను కదా. రిమూవ్ బటన్ లేనిదాని వెంటపడి, ఇంకోదాన్ని మామూలుది అనుకుని వదిలేశాను. అది పీడీఎఫ్ టూల్‌తో పాటు "యాడ్ ఎక్స్‌టెన్షన్" నొక్కించి తెచ్చుకున్న కొత్త ట్యాబ్ పేజీ. పాలసీతో బలవంతంగా ఎక్కినవి అకౌంట్‌లోకి పోవు గానీ, మనం చేత్తో యాడ్ చేసినవి గూగుల్ అకౌంట్‌కి సింక్ అవుతాయి, అంటే అక్కడ కాపీ అయి, ఆ అకౌంట్ వాడే ప్రతి సిస్టమ్‌లోకీ దిగుతాయి. నేను ప్రొఫైల్‌ని ఈ సిస్టమ్‌లో మాత్రమే, అదీ నెట్ లేనప్పుడు చెరిపాను. అకౌంట్‌లో దాని కాపీ భద్రంగా ఉంది. అమ్మాయి ఇంటికొచ్చి సైన్ ఇన్ చేసి సింక్ ఆన్ చేయగానే దిగిపోయింది. ఆ అమ్మాయి ల్యాప్‌టాప్‌లోనూ అది రెండు వారాలుగా ఉంది, హాస్టల్ వైఫై అంతే అనుకుని ఊరుకుందట.

సింక్ ఆన్‌లో ఉండగానే ఎక్స్‌టెన్షన్ రిమూవ్ చేయిస్తే ఆ తీసివేత కూడా అకౌంట్‌కి చేరుతుంది. అలాగే చేయించాను. ల్యాప్‌టాప్‌లో కూడా చూపించమంటే వీడియో కాల్‌లో చూపించింది, పోయింది. స్టార్టప్ పేజీ, సెర్చ్ ఇంజన్ లిస్టు కూడా తనతోనే సరిచేయించాను. తప్పు నాది కాబట్టి ఆదివారానికి డబ్బులు తీసుకోలేదు.

సాయంత్రం ఎలాగూ ఆ వైపు పనుండి ఇంటికి వెళ్ళాను. అందరికీ అడ్మిన్ కాని మామూలు అకౌంట్లు చేసి, అడ్మిన్ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి అమ్మగారి చేతికిచ్చాను. డిఫెండర్‌లో అవాంఛిత యాప్‌లని అడ్డుకునే సెట్టింగ్ ఆఫ్‌లో ఉంటే ఆన్ చేశాను. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి, ఈ ప్రాసెసర్ విండోస్ 11 లిస్టులో లేదు. 2026 అక్టోబర్ 13 దాకా వచ్చే ఈఎస్‌యూ (గడువు తర్వాతి అదనపు భద్రతా) అప్‌డేట్లకి నమోదు చేశాను. ఆ తర్వాత సంగతి తర్వాత.

అసలు పీడీఎఫ్ టూల్ ఎందుకు కావలసివచ్చిందని అప్పుడడిగాను. స్కాలర్‌షిప్ అప్లికేషన్‌కి ఆదాయ ధ్రువపత్రం 200 కేబీ లోపు ఉండాలట. మాస్టారు స్కాన్ చేసిన ఒక్క పేజీ 6 ఎంబీ ఉంది. ఆన్‌లైన్‌లో తగ్గించే సైట్లుంటాయి కదా అంటే, "ఇంటి కాగితాలు ఎవడో ముక్కూమొహం తెలియనివాడి సైట్లో ఎక్కించమంటావా? అందుకే సాఫ్ట్‌వేరే దింపమన్నాను" అన్నారు మాస్టారు. ఆయన ఆలోచనలో తప్పు పట్టలేకపోయాను. వెతికితే పైన మొదట వచ్చినదాన్ని ఆ అమ్మాయి నొక్కింది. అది ప్రకటన.

స్కానర్ సెట్టింగ్స్ తెరిచాను. 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు), కలర్. వరద రోజుల్లో, తడిసిన సిరా మరకల కింద ఉన్న అక్షరం కూడా కనపడాలని ఆయన పెట్టుకున్నారు, మళ్ళీ మార్చలేదు. 150 డీపీఐ, గ్రే అని పెట్టి అదే ధ్రువపత్రాన్ని అద్దం మీద ఉంచి మళ్ళీ స్కాన్ చేశాను. 170 కేబీ.

మాస్టారు కళ్ళజోడు పైకి తోసుకుని ఆ అంకె రెండుసార్లు చదివారు. "ఇంతేనా?" అన్నారు.

"ఇంతే మాస్టారూ."

"ఏదీ, ఆ దస్తావేజుల ఫోల్డర్ తియ్యి" అన్నారు, కుర్చీ ముందుకి జరుపుకుంటూ. "అవి మాత్రం 600లోనే ఉండనీ."